లేని జ్వరం కాపాడిన ఊళ్ళు

టైఫస్ అంటే టైఫాయిడ్ కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మనలో చాలామందికి రెండూ ఒకటే అనిపిస్తాయి. టైఫాయిడ్ పాడైన నీళ్ళు, తిండి వల్ల వస్తుంది. నేను చెప్పబోయే టైఫస్ ఒంటి మీద, బట్టల మడతల్లో బతికే పేల వల్ల వస్తుంది. విపరీతమైన జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, మగత, పలవరింతలు. స్నానానికి నీళ్ళు, మార్చుకోవడానికి బట్టలు లేకుండా జనాన్ని కుక్కిన చోటల్లా ఇది అంటుకుంటుంది. అంటే యుద్ధాల్లో, జైళ్ళలో, శరణార్థుల శిబిరాల్లో. 1812లో రష్యా మీదికి వెళ్ళిన నెపోలియన్ సైన్యాన్ని తినేసిన జబ్బుల్లో ఇదొకటి. దీన్ని కలిగించే బాక్టీరియా పేరు రికెట్సియా ప్రొవాజెకీ. రికెట్స్, ప్రొవాజెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేర్లు కలిపి పెట్టారు. ఇద్దరూ టైఫస్ మీద పరిశోధన చేస్తూ, ఆ టైఫస్ వచ్చే చనిపోయారు.

ఇంత భయంకరమైన జబ్బు ఒక ఊళ్ళో ఉందని అబద్ధం చెప్పి, ఆ అబద్ధాన్ని ల్యాబ్ రిపోర్టులతో సహా నిరూపించి, వేలమందిని కాపాడిన ఒక డాక్టరు గురించే ఈ వ్యాసం. ఆయన పేరు యూజెనియుష్ లజోవ్‌స్కీ. పోలిష్ భాషలో మొదటి అక్షరాన్ని వ లాగా పలుకుతారు కాబట్టి సొంత ఊళ్ళో ఆయన వజోఫ్‌స్కీ. అమెరికా వెళ్ళాక యూజీన్ లజోవ్‌స్కీ అయ్యారు. నేను కూడా ఆ పేరే వాడతాను.

సైనికుడిగా

లజోవ్‌స్కీ 1913లో పోలండ్‌లోని చెన్‌స్తొహోవాలో పుట్టారు. అప్పటికి ప్రపంచ పటంలో పోలండ్ అనే దేశమే లేదు. రష్యా, జర్మనీ, ఆస్ట్రియా దాన్ని ఎప్పుడో పంచేసుకున్నాయి. 1918లో దేశం మళ్ళీ పుట్టింది. అంటే ఆయనా, ఆయన దేశమూ దాదాపు కలిసే పెరిగారు. వార్సాలో మెడిసిన్ చదివారు. డాక్టరుగా ఇంకా కాలు నిలదొక్కుకోకముందే 1939 వచ్చింది.

సెప్టెంబర్ 1న జర్మనీ పడమటి నుంచి, సెప్టెంబర్ 17న సోవియట్ యూనియన్ తూర్పు నుంచి పోలండ్‌లోకి వచ్చేశాయి. లజోవ్‌స్కీ పోలిష్ సైన్యంలో సెకండ్ లెఫ్టినెంట్. రెడ్ క్రాస్ రైల్లో గాయపడిన వాళ్ళకి వైద్యం చేసే డ్యూటీ. కొన్ని వారాల్లోనే దేశం కూలిపోయింది. ఆయన యుద్ధ ఖైదీల క్యాంపులో పడ్డారు. అక్కణ్ణుంచి గోడ దూకి తప్పించుకున్నారు. చివరికి భార్య మరియాతో కలిసి రోజ్వాదుఫ్ అనే చిన్న ఊరు చేరారు. సాన్ నది దగ్గర ఉండే ఆ ఊరు ఇప్పుడు స్తలోవా వోలా నగరంలో ఒక భాగం.

పైకి ఆయన పోలిష్ రెడ్ క్రాస్ తరఫున పనిచేసే మామూలు ఊరి డాక్టరు. లోపల మాత్రం హోమ్ ఆర్మీ అనే రహస్య ప్రతిఘటన సైన్యానికి వైద్యుడు. అడవుల్లో దాక్కుని పోరాడేవాళ్ళకి మందులు, కట్లు అందించడం ఆయన పని. ఆయనకి తుపాకీతో చంపాలని లేదు. డాక్టరుకి చేతనైన పద్ధతిలోనే యుద్ధం చేయాలనుకున్నారు. తర్వాత రాసుకున్న జ్ఞాపకాల పుస్తకానికి ప్రైవేట్ యుద్ధం అనే అర్థం వచ్చే పేరు పెట్టుకోవడం అందుకేనేమో అనిపిస్తుంది.

ఆ పుస్తకంలో ఆయన చెప్పుకున్న ఇంకో విషయం ఉంది. ఆయన ఇంటి వెనక కంచె అవతల యూదులు ఉండే ఇళ్ళు. యూదులకి వైద్యం చేస్తే మరణశిక్ష. అందుకని ఒక గుర్తు పెట్టుకున్నారు. వైద్యం కావాల్సిన వాళ్ళు కంచెకి ఒక గుడ్డ ముక్క కడతారు. చీకటి పడ్డాక ఆయన వెళ్తారు. వాడిన మందులు లెక్కలో తేలకుండా, రైల్వే స్టేషన్లో దిగి వెళ్ళిపోయే ప్రయాణికులకి వైద్యం చేసినట్టు రిజిస్టర్‌లో రాసేవారు. రైలెక్కి పోయినవాణ్ణి వెతికి పట్టుకుని, నీకు ఎన్ని మాత్రలు ఇచ్చారు అని ఎవరు అడుగుతారు? ఆ మనిషి బుర్ర ఎలా పనిచేసేదో చెప్పడానికి ఈ చిన్న సంగతి చాలు.

స్నేహితుడు కనిపెట్టిన కిటుకు

అసలు కిటుకు కనిపెట్టింది లజోవ్‌స్కీ కాదు. ఆయన మెడికల్ కాలేజీ స్నేహితుడు స్తనిస్లావ్ మతులేవిచ్, దగ్గర్లోని జ్బిద్నుఫ్ అనే పల్లెలో డాక్టరు. ఇది అర్థం కావాలంటే టైఫస్‌కి అప్పట్లో చేసే రక్త పరీక్ష గురించి కొంచెం తెలియాలి. బయాలజీ పదో తరగతితో వదిలేసిన వాళ్ళు కూడా భయపడక్కర్లేదు, నేనూ మీ బ్యాచే.

టైఫస్ బాక్టీరియాని ల్యాబ్‌లో పెంచడం కష్టం. అది బతికున్న కణాల లోపల మాత్రమే పెరుగుతుంది. పెంచేవాళ్ళకే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అయితే మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫెలిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక విచిత్రం గమనించారు. టైఫస్ వచ్చిన మనిషి రక్తం నుంచి తీసిన సీరమ్‌ని, ప్రోటియస్ అనే వేరే బాక్టీరియాలోని ఓఎక్స్19 రకంతో కలిపితే, ఆ బాక్టీరియా గడ్డలు గడ్డలుగా పేరుకుంటుంది. ప్రోటియస్‌కీ టైఫస్‌కీ ఏ చుట్టరికమూ లేదు. కానీ రెండింటి పైతొడుగులో కొంత పోలిక ఉంది. టైఫస్ మీద పోరాడటానికి శరీరం తయారుచేసిన యాంటీబాడీలు, ప్రోటియస్‌ని చూసి కూడా అదే శత్రువు అనుకుని పట్టుకుంటాయి. దీన్నే వైల్-ఫెలిక్స్ టెస్ట్ అంటారు. చవక, సులువు, ల్యాబ్ వాళ్ళకి ప్రమాదం లేదు.

ఇక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. టెస్ట్ చూస్తున్నది టైఫస్‌ని కాదు. టైఫస్ వదిలిన నీడని. మనం డేటా స్ట్రక్చర్స్‌లో హ్యాష్ కొలిజన్ చదువుకున్నాం కదా, రెండు వేర్వేరు ఇన్‌పుట్‌లు ఇచ్చినా ఒకే హ్యాష్ రావడం. ఇదీ అంతే. ల్యాబ్ వాడు హ్యాష్ చూసి, ఇన్‌పుట్ ఏంటో నాకు తెలుసు అనుకుంటున్నాడు.

మతులేవిచ్ ఆ సందు పట్టుకున్నారు. చంపేసిన ప్రోటియస్ బాక్టీరియాని ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇంజెక్షన్ చేస్తే? ఆ మనిషికి ఏ జబ్బూ రాదు. కానీ శరీరం ప్రోటియస్ మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. కొన్ని రోజుల తర్వాత రక్తం తీసి పరీక్షకి పంపితే రిపోర్ట్ టైఫస్ పాజిటివ్ అని వస్తుంది.

దీన్ని మొదట వాడింది ఒక పోలిష్ కూలీ కోసం. జర్మన్లు లక్షలమంది పోలిష్ జనాన్ని పట్టుకెళ్ళి తమ ఫ్యాక్టరీల్లో, పొలాల్లో వెట్టిచాకిరీ చేయించుకునేవాళ్ళు. ఇతనికి రెండు వారాల సెలవు దొరికి ఇంటికొచ్చాడు. తిరిగి వెళ్ళడం కంటే చావడం మేలనుకుంటున్నాడు. వెళ్ళకుండా పారిపోతే ఇంటివాళ్ళని పట్టుకుపోతారు. ఏదైనా పెద్ద జబ్బు ఉందని జర్మన్లే ఒప్పుకుంటే తప్ప దారి లేదు. మతులేవిచ్ అతనికి ఇంజెక్షన్ చేసి, తర్వాత రక్తం తీసి జర్మన్ల ల్యాబ్‌కి పంపారు. టైఫస్ పాజిటివ్ అని టెలిగ్రామ్ వచ్చింది. ఆ కూలీని ఎవరూ మళ్ళీ పిలవలేదు.

ఒక్కడి నుంచి ఊరంతా

ఒక మనిషిని తప్పించడం మతులేవిచ్ చేసిన పని. ఊళ్ళకి ఊళ్ళనే తప్పించవచ్చు అని చూసింది లజోవ్‌స్కీ. దీనికి జర్మన్ల భయమే పెట్టుబడి. జర్మనీలో చాలా ఏళ్ళుగా టైఫస్ పెద్దగా లేదు. అంటే వాళ్ళ సైనికులకి దాన్ని తట్టుకునే శక్తి లేదు. అప్పటికి దానికి సరైన మందూ లేదు. ఒక్క టైఫస్ రోగి రైలెక్కి జర్మనీ ఫ్యాక్టరీకి చేరాడంటే ఏమవుతుందో వాళ్ళకి బాగా తెలుసు.

జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులతో వచ్చిన మామూలు రోగులకి ఇద్దరు డాక్టర్లూ ప్రోటియస్ ఇంజెక్షన్ చేయడం మొదలుపెట్టారు. ఒంట్లో శక్తి పెంచే ప్రోటీన్ వైద్యం అని చెప్పేవాళ్ళు. రోగులకి నిజం తెలియదు. తర్వాత రక్తం జర్మన్ల ల్యాబ్‌కి వెళ్ళేది, పాజిటివ్ వచ్చేది. అన్ని కేసులూ ఇద్దరు డాక్టర్ల దగ్గర్నుంచే వస్తే అనుమానం వస్తుంది కాబట్టి, ఇంజెక్షన్ చేసిన రోగుల్లో కొందరిని వేరే డాక్టర్ల దగ్గరికి పంపేవారు. ఆ డాక్టర్లు ఏమీ తెలియకుండానే నిజాయితీగా పరీక్ష చేయించి, నిజాయితీగా టైఫస్ అని రిపోర్ట్ చేసేవాళ్ళు. నిజమైన అంటువ్యాధి చలికాలంలో పెరిగి ఎండాకాలంలో తగ్గుతుంది. వీళ్ళ ఇంజెక్షన్లు కూడా అదే లెక్కలో పెరిగేవి, తగ్గేవి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్యలకి కూడా.

కేసులు ఒక స్థాయి దాటాక జర్మన్లు ఆ ప్రాంతాన్ని టైఫస్ ప్రాంతంగా ప్రకటించి హెచ్చరిక బోర్డులు పెట్టారు. రోజ్వాదుఫ్, చుట్టుపక్కల డజను దాకా పల్లెలు, మొత్తం సుమారు 8,000 మంది జనం. సైనికులు అటు రావడం తగ్గించారు. వెట్టిచాకిరీకి మనుషుల్ని పట్టుకెళ్ళడం తగ్గింది. ఊళ్ళోవాళ్ళు మాత్రం నిజంగానే టైఫస్ వచ్చిందని వణికిపోయారు. ఆ భయం పోగొట్టే మాట ఒక్కటి కూడా లజోవ్‌స్కీ చెప్పలేరు. చెబితే ఆ మాట సాయంత్రానికి జర్మన్ల చెవిన పడుతుంది.

ఈ పథకంలో నాకు అన్నిటికన్నా బరువైనది ఈ భాగమే అనిపిస్తుంది. డాక్టరు అన్నాక రోగికి నిజం చెప్పాలి, రోగి ఒప్పుకున్న వైద్యమే చేయాలి అని ఇవాళ మనం అంటాం. అది సరైన మాటే. ఈయన రెండూ చేయలేదు. జబ్బు లేని మనిషి ఒంట్లోకి అతనికి చెప్పకుండా బాక్టీరియా ఎక్కించారు. ఒక్కరికి తెలిసినా అందరూ చస్తారు అనే పరిస్థితి లేకపోతే ఇది నేరం. ఆ పరిస్థితి ఉంది కాబట్టే ఇది వైద్యం అయ్యింది. ఆయన్ని మెచ్చుకునేటప్పుడు ఈ రెండో వాక్యంతో పాటు మొదటి వాక్యం కూడా గుర్తుంచుకోవాలి.

తనిఖీ

టైఫస్ ఇంతగా ఉంటే జనం చావాలి కదా? ఎవరూ చావట్లేదేంటి? ఎవరో ఈ సంగతి జర్మన్లకి చేరవేశారు. 1943 చివర్లో డాక్టర్ల బృందం ఒకటి తనిఖీకి వచ్చింది.

లజోవ్‌స్కీ పారిపోలేదు. విందు ఏర్పాటు చేశారు. మంచి భోజనం, వోడ్కా, సంగీతం. పెద్ద డాక్టరు బల్ల దగ్గర స్థిరపడిపోయి, చూసి రమ్మని కుర్ర డాక్టర్లని పంపారు. వాళ్ళకి చూపించడానికి లజోవ్‌స్కీ ముందే ముసలివాళ్ళని, నిజంగానే వేరే జబ్బులతో నీరసంగా ఉన్నవాళ్ళని ఎంచి మురికి గుడిసెల్లో ఉంచారు. అందరికీ ఇంజెక్షన్లు అప్పటికే అయిపోయాయి. ఆ గుడిసెలో పేలు ఉంటాయని కుర్ర డాక్టర్లకి ఒకటే భయం. దద్దుర్లు ఉన్నాయా లేదా అని కూడా సరిగ్గా చూడకుండా, గబగబా రక్తం తీసుకుని బయటపడ్డారు. రిపోర్ట్ పాజిటివ్. కథ ముగిసింది.

చొక్కా ఎత్తి ఒక్కసారి చూసి ఉంటే దొరికిపోయేవారు. మనిషిని చూడటం మానేసి కాగితాన్ని నమ్మిన చోటే ఆ వ్యవస్థ ఓడిపోయింది. మోడల్ ఇచ్చిన అవుట్‌పుట్‌ని డేటా చూడకుండా నమ్మకండి అని మాకు చెబుతుంటారు. దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇక్కడ మాత్రం ఆ పొరపాటు జరిగినందుకు మనం సంతోషిస్తాం.

కాపాడలేనిది

ఇక్కడ ఒక విషయం సరిచేయాలి. సోషల్ మీడియాలో ఈ కథ తిరిగేటప్పుడు, లజోవ్‌స్కీ 8,000 మంది యూదుల్ని కాపాడారు అని రాస్తుంటారు. పోలిష్ షిండ్లర్ అనే బిరుదు కూడా తగిలిస్తారు. అది నిజం కాదు. ఆ 8,000 ఆ ఊళ్ళ జనాభా. వాళ్ళు చాలావరకు యూదులు కాని పోలిష్ జనం.

కారణం చాలా క్రూరమైనది. పోలిష్ రైతుకి టైఫస్ పాజిటివ్ వస్తే జర్మన్లు అతనికి దూరంగా ఉండేవాళ్ళు. యూదుడికి పాజిటివ్ వస్తే కాల్చి చంపేవాళ్ళు. టెస్ట్ ఒకటే, రిజల్ట్ ఒకటే. దాని మీద నడిచే ఇఫ్-ఎల్స్ మాత్రం మనిషి పుట్టుకని బట్టి మారిపోయింది. అందుకే ఆ ఇంజెక్షన్ యూదులకి చేయడానికి వీల్లేకపోయింది. రోజ్వాదుఫ్ యూదుల్లో ఎక్కువమందిని 1939లోనే సాన్ నది దాటించి తరిమేశారు. మిగిలినవాళ్ళని 1942లో తుడిచిపెట్టేశారు. కంచెకి గుడ్డ కట్టే చేతులు మాయమైపోయాయి. యుద్ధం ముగిసేసరికి పోలండ్ పౌరుల్లో దాదాపు 60 లక్షల మంది చనిపోయారు. అందులో సగం మంది యూదులు.

ఈ సంగతి చెప్పినంత మాత్రాన లజోవ్‌స్కీ చేసింది చిన్నదైపోదు. పెద్ద అంకె తగిలిస్తే పెద్దదీ అవ్వదు. ఆయన ఎవరిని కాపాడగలిగారో, ఎవరిని కాపాడలేకపోయారో రెండూ చెప్పినప్పుడే ఆ చనిపోయినవాళ్ళకి కూడా కథలో చోటు దొరుకుతుంది. లైకుల కోసం వాళ్ళని బతికించి రాయడం, వాళ్ళ చావుని దాచేయడమే.

మళ్ళీ మొదటి నుంచి

1944లో సోవియట్ సైన్యం దగ్గరపడుతున్న రోజుల్లో ఒక జర్మన్ మిలిటరీ పోలీసు లజోవ్‌స్కీ దగ్గరికొచ్చి, గెస్టపో జాబితాలో మీ పేరుంది, పారిపోండి అని హెచ్చరించాడు. ఒకప్పుడు అతనికి పైకి చెప్పుకోలేని సుఖరోగం వస్తే, లజోవ్‌స్కీ పైవాళ్ళకి తెలియకుండా నయం చేశారు. ఆ కృతజ్ఞత. డాక్టరు కుటుంబంతో వెనక కంచె దాటి వార్సా వైపు వెళ్ళిపోయారు. గెస్టపో వెతికింది టైఫస్ మోసం గురించి కాదు, హోమ్ ఆర్మీతో సంబంధాల గురించి. టైఫస్ సంగతి వాళ్ళకి చివరిదాకా తెలియలేదు.

యుద్ధం ముగిసింది కానీ పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. హోమ్ ఆర్మీలో పనిచేసిన వాళ్ళని అది అనుమానంగానే చూసింది. 1958లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ మీద లజోవ్‌స్కీ అమెరికా వెళ్ళారు. అప్పటికి 45 ఏళ్ళు. కొత్త దేశం, కొత్త భాష. చికాగోలో పిల్లల డాక్టరుగా స్థిరపడ్డారు. 1976లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో పీడియాట్రిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. మనకి తెలిసిన చాలా కుటుంబాల్లో ఎవరో ఒకరు అమెరికాలో డాక్టరో, ఇంజనీరో అయి ఉంటారు కదా. వాళ్ళు వెళ్ళేది ముందుకి చూసుకుని. ఈయన వెనక ఉన్నదాన్ని ఎవరికీ చెప్పకుండా మోసుకుని వెళ్ళారు. చికాగోలో పిల్లాడికి దగ్గు మందు రాయించుకున్న తల్లికి, ఎదురుగా కూర్చున్న మనిషి ఒక సైన్యాన్ని మోసం చేశాడని ఏం తెలుసు?

యుద్ధం అయిపోయిన 30 ఏళ్ళకి పైగా ఆయన నోరు విప్పలేదు. 1977లో ఆయనా, మతులేవిచ్ కలిసి అమెరికన్ మైక్రోబయాలజీ సొసైటీ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. మతులేవిచ్ కూడా దేశం వదిలేశారు, ఆఫ్రికాలోని జైర్ వెళ్ళి రేడియాలజీ ప్రొఫెసర్ అయ్యారు. ఆ వ్యాసంతోనే ప్రపంచానికి సంగతి తెలిసింది. జ్ఞాపకాల పుస్తకం పోలిష్‌లో 1990ల్లో వచ్చింది.

2000లో లజోవ్‌స్కీ రోజ్వాదుఫ్ తిరిగి వెళ్ళారు. ఊరు ఘనంగా స్వాగతం చెప్పింది. అక్కడ ఒకాయన వచ్చి, యుద్ధంలో మా నాన్నకి టైఫస్ వస్తే ఐదు రోజుల్లో తగ్గించారు, మీ మేలు మర్చిపోలేం అన్నాడట. అది అసలు టైఫస్ కాదని ఈయన చెప్పాల్సి వచ్చింది. ఊరివాళ్ళని కాపాడిన అబద్ధం అంత గట్టిది. యాభై ఏళ్ళు దాటినా, ఎవరి కోసం చెప్పారో వాళ్ళు కూడా నమ్ముతూనే ఉన్నారు.

2006 డిసెంబర్‌లో ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ నగరంలో, 93 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయారు. ఊరి పేరూ, మనిషి పేరూ ఒకటే కావడం కాకతాళీయం.

వైల్-ఫెలిక్స్ టెస్ట్ మాత్రం ఇంకా బతికే ఉంది. నల్లుల్లాంటి సూక్ష్మ కీటకాలు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ మన రాష్ట్రాల్లో కూడా ఉంది. దానికి మన దేశంలో ఖరీదైన పరీక్షలు అందని ల్యాబ్‌లలో ప్రోటియస్‌లో ఓఎక్స్‌కే అనే ఇంకో రకంతో ఇదే పద్ధతి ఇప్పటికీ వాడతారు. చవక కాబట్టి. అది తప్పు చూపించే అవకాశం ఎక్కువని డాక్టర్లకి తెలుసు, అందుకే రోగి ఒంటి మీద కీటకం కుట్టిన నల్లటి మచ్చ కోసం కూడా వెతుకుతారు. ఆ రోజు గుడిసెలో కుర్ర డాక్టర్లు చేయని పని అదే.